రెండంగుళాల పేచీ

పాత జిప్సీని ఎంత ఎత్తు లేపాలి, దానికి ఎంత టైరు వేయాలి అన్నది ఇక్కడ పేచీ. వాదులాడుకున్నది మేనమామ, మేనల్లుడు. మావయ్య 1990ల్లో అరకు, హుకుంపేట, పాడేరు సంతలకి కమాండర్ జీపు తోలాడు. పసుపు బస్తాలు, అడ్డాకుల కట్టలు, కోళ్ళు, వాటి సందుల్లో మనుషులు. ఇప్పుడు శృంగవరపుకోట (ఎస్.కోట)లో, ఘాట్ రోడ్డు మొదలయ్యే చోటే ఉంటున్నాడు. అల్లుడికి గాజువాకలో ఉద్యోగం. ఎవరో వాడి పక్కన పెట్టిన జిప్సీ కింగ్ కొన్నాడు. జిప్సీ అంటే మారుతి వాళ్ళు 1985లో మొదలుపెట్టి 2019లో ఆపేసిన బండి. ఫోర్ వీల్ కావాలి గానీ థార్ కొనే స్తోమత లేదనుకునేవాళ్ళకి ఇప్పటికీ అదే దిక్కు. వాడి చేతిలో ఇంకో అరవై వేలున్నాయి. రెండంగుళాల లిఫ్టూ పెద్ద టైర్లూ వేయించి, వానలు వెనకపట్టగానే డుంబ్రిగుడ అవతలి మట్టి బాటలు పట్టాలని వాడి ఉబలాటం. ఆ ఉబలాటం మీద మావయ్యకి కోపం లేదు. ఆయన జాలంతా అరవై వేల మీద. నేను పక్కన కూర్చుని విన్నవాణ్ణి. నోరు ఆగని చోట నా మాటా ఉంటుంది.

అల్లుడు: వెనక హౌసింగ్ మీద గీత చూశావు కదా మావయ్యా. మొన్న గెడ్డ దాటుతుంటే రాయి తగిలింది. ఎత్తు చాలకే కదా అది?

మావయ్య: చూశాను. కింద పడుకుని వేలితో తడిమాను కూడా. బెత్తెడు పొడుగున నల్లరంగు లేచిపోయి ఇనుము మెరుస్తోంది. డ్రెయిన్ నట్టు ఓ మూల అరిగింది. ఇంకో అంగుళం ఇటు తగిలుంటే నట్టు ఊడి ఆయిలంతా గెడ్డ పాలయ్యేది. ఎత్తు చాల్లేదు, ఒప్పుకున్నాను. ఇంతకీ నువ్వు లేపుతానంటున్నది దేన్ని?

అల్లుడు: బండినే.

మావయ్య: బండిలో దేన్నిరా? కమాన్ కట్ట కొసని ఛాసిస్సుకి తగిలించే షాకిళ్ళు పొడుగువి వేసినా, కట్టలో పట్టీలు పెంచినా, పైకి లేచేది ఛాసిస్సు, దాని మీద బాడీ. హౌసింగ్ చక్రానికీ చక్రానికీ మధ్య ఉంది. నేలకీ దానికీ ఎంత జాగా అన్నది టైరు చెప్పాలి. నువ్వు రెండు కాదు, ఆరంగుళాలు లేపు. ఆ రాయి మళ్ళీ ఆ నట్టుకే తగుల్తుంది.

అల్లుడు: అది తెలీకుండానే వచ్చాననుకున్నావా? ఇప్పుడున్నది 205/70, 15 అంగుళాల రిమ్ము. 205లో 70 శాతం అంటే 143న్నర, పైనా కిందా కలిపి 287, రిమ్ము 381. మొత్తం టైరు ఎత్తు 668 మిల్లీమీటర్లు. నేను వేద్దామనుకుంటున్నది 235/75. అదే లెక్కన 733. తేడా 65.

మావయ్య: అందులో హౌసింగుకి దక్కేదెంత?

అల్లుడు: సగం. 33 మిల్లీమీటర్లు.

మావయ్య: అంగుళంపావు. అది మాత్రం నికరమైన ఎత్తు. మరి ఆ రెండంగుళాల లిఫ్టు ఎవరి కోసం?

అల్లుడు: పొట్ట కోసం. రాయొక్కటే అడ్డమా? కాఫీ తోటల్లోకి దిగే బాటలున్నాయి, గట్టెక్కగానే అవతల పల్లం. ముందు చక్రాలు పల్లంలో, వెనక చక్రాలు ఇటు, నడుమ బండి పొట్ట గట్టు మీద కూర్చుంటుంది. అక్కడ టైరొక్కటే చాలదు. పైగా పెద్ద టైరు మడ్‌గార్డుకి రాయకుండా తిరగాలంటే పైన ఖాళీ ఉండాలి.

మావయ్య: టైరుకి ఖాళీ కావాలన్న మాట నిజం. పొట్ట మాట సగం నిజం. బొలెరో అయితే నీతో పేచీ పెట్టుకోను, అది పొడుగు బండి. జిప్సీ రెండు ఇరుసుల మధ్య 2,375 మిల్లీమీటర్లే. ముందుకీ వెనక్కీ పొడుచుకొచ్చిందేమీ లేదు. ఆ బండి గట్టు మీద కూర్చుందంటే గట్టుకి అడ్డంగా, ఏటవాలుగా ఎక్కించడం రాలేదన్నమాట.

ఇక్కడ నాదొక మాట. తోలడం వస్తే చాలు, బండి ఎలాటిదైనా ఫరవాలేదు అనే పాత డ్రైవర్ల ధీమా వినడానికి బాగుంటుంది. లోయలో పడ్డ జీపుల సంగతి వాళ్ళ కథల్లోకి రాదు. ఏటవాలుగా ఎక్కించమనడం కూడా గట్టు తక్కువగా ఉన్న చోటే పనికొచ్చే సలహా. గట్టు ఎత్తయితే పక్కకి దొర్లిపోవడానికి అదే దారి. ఈ ఒక్క విషయంలో నేను అల్లుడి పక్షం. అల్లుడూ అది పసిగట్టాడు.

అల్లుడు: నీ కమాండర్‌కి కమాన్ కట్టలో ఎన్ని పట్టీలు ఎక్కువ వేయించావో అమ్మ చెప్పింది. మూడు. అది లిఫ్టు కాదా?

మావయ్య: కాదు. అది బరువు కోసం. సంత రోజున లోపల పదిహేను మంది, వెనక వేలాడేవాళ్ళు, టాపు మీద బస్తాలు. అంత బరువుకి కట్ట వంగి బండి మామూలు ఎత్తుకే వచ్చేది. సాయంత్రం ఖాళీగా తిరిగొస్తుంటే అప్పుడుండేది నువ్వు అడిగే లిఫ్టు. గతుకు గతుక్కీ ఎగిరి పడేది. వంపులో వెనక చక్రం నేల వదిలేసేది. మీ అత్త ఒకసారి ఎక్కి మళ్ళీ ఎక్కలేదు. గట్టి కట్టకి బరువు లేకపోతే చక్రం కిందికి వాలదు. వాలని చక్రం నేల పట్టదు. నువ్వెళ్ళేది నువ్వూ, ఇంకొకడూ, ఓ బ్యాగూ.

అల్లుడు: అందుకే పట్టీలు పెంచను. షాకిళ్ళే మారుస్తాను. పట్టీల మెత్తదనం పోదు, ఖర్చూ తక్కువ.

మావయ్య: నాలుగంగుళాల పొడుగు షాకిల్ వేస్తే ఇరుసు దగ్గర లేచేది రెండే, కట్ట రెండో కొస కదలదు కాబట్టి. అందువల్ల కట్ట మొత్తం ముందుకి వాలుతుంది. దాని మీదున్న ముందు ఇరుసూ వాలుతుంది. దాంతో చక్రానికున్న వెనకవాలు తగ్గిపోతుంది. ఆ వాలు ఉండబట్టే వంపు తిరిగాక స్టీరింగ్ వదిలితే తనంతట తను నిటారుకొస్తుంది. అది పోయిందంటే అనంతగిరి వంపుల్లో ప్రతిసారీ నువ్వే తిప్పి తేవాలి. తిన్నగా ఉన్న రోడ్డు మీద బండి అటూ ఇటూ వెతుక్కుంటుంది. నీ బండికి పవర్ స్టీరింగ్ కూడా లేదు.

అల్లుడు: దానికి వాలు సరిచేసే చీలికలు దొరుకుతాయి, కట్టకీ ఇరుసుకీ మధ్య పెట్టేవి.

మావయ్య: దొరుకుతాయి. పెట్టగానే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారుతుంది. క్రాసులు అరుగుతాయి. బ్రేకు గొట్టాలు చాలవు, అవి పొడుగువి వేయాలి. షాకబ్జర్లు చాలవు, అవీ పొడుగువి వేయాలి. రెండంగుళాలని మొదలుపెట్టావు, ఎక్కడాగుతావో నాకు తెలీడం లేదు.

అల్లుడు: వైజాగ్‌లో ఒకాయన కట్టల్ని హౌసింగ్ కింద నుంచి తీసి పైన బిగిస్తానన్నాడు. ఐదంగుళాలు లేస్తుందట.

మావయ్య: ఆయన్నే ఘాట్ దింపి చూపించమను.

ఈ జవాబుతో ఆ ప్రస్తావన చచ్చిపోయింది. నిజానికి అది తెలిసిన చేతుల్లో బాగానే కుదిరే పని. జిప్సీల మీద చాలాచోట్ల చేశారు. కాకపోతే స్టీరింగ్ రాడ్లు మార్చాలి, ఇరుసు మెలి తిరగకుండా అడ్డుకట్ట వేయాలి, బ్రేకులు పెంచాలి. అరవై వేలలో అది జరగదు. మావయ్యకి అసలు భయం ఘాట్ దిగడం, దాని మీదికే వచ్చాడు.

మావయ్య: అందరూ ఎక్కడం గురించే అడుగుతారు. ఎక్కలేని బండి ఆగిపోతుంది, అంతే. దిగలేని బండి సంగతేటి? అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎస్.కోట దాదాపు మైదానం. బండీ మీ ఇద్దరూ కలిపి 1,200 కిలోలు వేసుకో. ఇంజినీరింగ్ చదివావు కదా, 800 మీటర్లు దిగితే ఎంత వేడి పుడుతుందో లెక్క కట్టు.

అల్లుడు: తొమ్మిది మెగాజౌళ్ళ పైన. అంటే... ముప్ఫై లీటర్ల చన్నీళ్ళు తెర్లేంత.

మావయ్య: ఆ ముప్ఫై లీటర్ల వేడీ బ్రేకులన్నా మింగాలి, గేర్లో ఇంజినన్నా పట్టుకోవాలి. ఇప్పుడు నీ పెద్ద టైరు సంగతి చూడు. చక్రం పది శాతం పెద్దదయింది. అదే రెండో గేర్లో, ఇంజిన్ అంతే తిరుగుతుంటే, బండి పది శాతం వేగంగా పోతుంది. అంటే ఇంజిన్ పట్టు తగ్గింది. బ్రేకు డిస్కు మారలేదు, నేల దానికి దూరమయింది. అదే నొక్కుడుకి నేల దగ్గర దక్కే పట్టు తొమ్మిది శాతం తగ్గుతుంది. ఒక్కో టైరూ నాలుగైదు కిలోలు బరువెక్కింది, అంత బరువైన చక్రాన్నీ ఆపాలి. మీటరు 60 చూపిస్తుంటే నువ్వు 66లో ఉంటావు. టైడా దగ్గరకొచ్చేసరికి నీకు కాలిన వాసన కొడుతుంది.

అల్లుడు: ఫస్ట్ గేర్లో దిగుతాను.

మావయ్య: దిగు. వెనక ఆర్టీసీ బస్సు వాడు ఏమంటాడో అదీ విను.

అల్లుడు: సరే, ఒక్కటి చెప్పు. నీ కమాండర్‌కి ఏం టైరు?

మావయ్య: 6.00-16. అప్పుడు జీపులన్నిటికీ అదే.

అల్లుడు: దాని ఎత్తు సుమారు 730. నేనడుగుతున్నది 733! ముప్ఫై ఏళ్ళ కిందట నువ్వు తోలిన ఎత్తే నేను అడిగితే తప్పయిందా?

మావయ్య ఒక నిమిషం మాట్లాడలేదు. అల్లుడు లెక్క ముందే వేసుకుని దాచుకున్నాడని నాకు అనుమానం.

మావయ్య: తప్పు కాదు. ఆ బండి ఆ టైరు ఎత్తుకి తగ్గ గేర్లతో పుట్టింది. కింద లాగే డీజిలింజిన్. నీది 1,300 సీసీ పెట్రోలు, 80 హార్స్‌పవరు, అదీ ఇంజిన్ గట్టిగా తిరిగితేనే. పది శాతం గేరు తేలిపోతే గెడ్డ గట్టు మీద క్లచ్చు కాల్చుకుంటూ ఎక్కాలి. ఎత్తు ఒక్కటే చూశావు, వెడల్పు చూడలేదు. నాది ఆరంగుళాల టైరు. నీది 235, తొమ్మిదంగుళాలు దాటింది. మన ఎర్రమట్టి వానకి పైన జిగురు, లోపల గట్టి. సన్న టైరు ఆ జిగురుని కోసుకుని కింద గట్టి నేల పట్టుకుంటుంది. వెడల్పు టైరు పైపైన తేలి పక్కకి జారుతుంది. ఇసకలో అయితే నీ మాట గెలుస్తుంది. మనకి ఇసకెక్కడుంది?

అల్లుడు: మడ్ టైరు వేస్తే? పెద్ద పెద్ద బుడిపెలు, మట్టి తనే విదిలించుకుంటుంది.

మావయ్య: మట్టిలో ఆ టైరుకి మించింది లేదు. గాజువాక నుంచి ఇక్కడికొచ్చి, ఘాటెక్కి, అరకు దాటేవరకూ అంతా తారురోడ్డు. తడి తారు మీద బుడిపెలకి నేల తగిలేదెంత? వానలో వంపు తిరిగేటప్పుడు బ్రేకు తొక్కి చూడు. నూటపాతిక కిలోమీటర్లు తారు, ఐదు కిలోమీటర్ల మట్టి. టైరు దేనికి కొనాలి?

అల్లుడు: ఐదు కిలోమీటర్ల కోసమే బండి కొన్నాను.

ఈ జవాబు నాకు నచ్చింది. మావయ్య లెక్కలన్నీ క్షేమంగా ఇల్లు చేరడానికి, వీడి లెక్కలన్నీ ఆ ఐదు కిలోమీటర్లకి. ఆ ఐదు కిలోమీటర్లు ఎవరివన్న ప్రశ్న మాత్రం ఇద్దరూ ఇంతసేపూ ఎత్తలేదు. మావయ్యే ఎత్తాడు.

మావయ్య: ఆ బాట మీద రోజూ నడిచేవాళ్ళున్నార్రా. వాన పడ్డ మర్నాడు నువ్వు మడ్ టైర్లతో నాలుగు చక్రాలూ తిప్పి ఎక్కితే మోకాలి లోతు గాడి పడుతుంది. ఎండితే రాయి, తడిస్తే కాలవ. ఆ బాటనే నీళ్ళకెళ్తారు, బస్తాలేసుకుని బైకుల మీద సంతకొస్తారు. నెలలు నిండిన మనిషిని డోలీ కట్టి మోసుకొచ్చేదీ ఆ బాటనే. గాడిలో కాలు మెలిపడితే మోసేవాడొక్కడే పడడు.

అల్లుడు: ట్రాక్టర్లు పోవడం లేదా? కలప లారీలు పోవడం లేదా? నా ఒక్క జిప్సీతోనే పాడయిందా?

మావయ్య: ట్రాక్టరు వాళ్ళకి పనికొచ్చేదేదో మోస్తుంది.

అల్లుడు: రోడ్లు వస్తున్నాయి కదా మావయ్యా. 2025 ఏప్రిల్లో పవన్ కళ్యాణ్ డుంబ్రిగుడ మండలానికే వచ్చి అడవితల్లి బాట పనులకి శంకుస్థాపన చేశాడు. కేంద్రం 2023లో మొదలెట్టిన జన్‌మన్ పథకంలోనూ ఆదివాసీ గూడేలకి రోడ్లున్నాయి. నాలుగేళ్ళు ఆగితే ఆ ఊళ్ళకి తారే పడుతుంది.

మావయ్య: పడాలనే నా కోరికానూ. పడితే నీ లిఫ్టు ఎందుకు?

అల్లుడు నవ్వేశాడు. నవ్వినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. రోడ్డు లేని చోటికే పోవాలనుకునేవాడికి ఎప్పుడూ ఇంకో గుట్ట దొరుకుతుంది. అయినా వాళ్ళిద్దరికీ పట్టని సంగతి ఒకటుంది, అది చెప్పాల్సిన పని నామీద పడింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన తీరుకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడు చేసిన సవరణలో 182ఏ వచ్చింది. మార్పించుకున్న యజమానికి ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, లేదా ఆర్నెల్ల వరకూ జైలు, లేదా రెండూ. పదిహేనేళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే తనిఖీకి తీసుకెళ్ళక తప్పదు. ప్రమాదం జరిగితే బీమా వాళ్ళకి ఆ షాకిళ్ళే సాకు. అల్లుడు ఇది విని, రోడ్ల మీద లేపిన థార్లు ఎన్ని తిరగడం లేదని అడిగాడు. తిరుగుతున్నాయి. పట్టుకోకపోవడం వేరు, చట్టం ఒప్పుకోవడం వేరు. వాడికి ఆ తేడా తెలుసు.

మావయ్య: సరే, నన్నడిగితే ఇది చెయ్యి. లిఫ్టు మానేయ్. టైరు 215/75, 15 అంగుళాలు. బొలెరో టైరు.

అల్లుడు: బొలెరోదా!

మావయ్య: నామోషీ పడకు. 703 మిల్లీమీటర్ల ఎత్తు, నీకున్న దాని కంటే 35 ఎక్కువ. హౌసింగుకి 17న్నర దక్కుతుంది. నీ రిమ్ము వెడల్పు ఐదున్నర. 215కి అది సరిపోతుంది, 235కి కనీసం ఆరు కావాలి, అంటే నీకు రిమ్ములూ దండగే. 215 నీ మడ్‌గార్డులో రాయకుండా తిరుగుతుంది. గేరు ఐదు శాతమే తేలుతుంది, అది మోయగలదు. ఏటీ టైరు తీసుకో, తారుకీ మట్టికీ మధ్యరకం. పాడేరులో పగిలినా పాడేరులోనే దొరుకుతుంది. నీ సైజు దొరక్క నాలుగు రోజులు లాడ్జిలో పడుకోవు.

అల్లుడు: 17 మిల్లీమీటర్లతో ఆ రాయి దాటతానా?

మావయ్య: దాటవు. ఆ రాయిని రెండు చక్రాల మధ్యకి రానివ్వకూడదు, చక్రం దాని మీదే ఎక్కించాలి. ముందు దిగి చూసి రావాలి. మీవాళ్ళు దిగరు, అదీ మీ జబ్బు. మట్టిలోకి దిగేముందు టైరులో గాలి 18కి తగ్గించు. పక్కలు ఉబ్బి టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది. పెద్ద టైరు కంటే ఎక్కువ పట్టు దాంతోనే వస్తుంది, పైసా ఖర్చు లేదు. తారెక్కేముందు మళ్ళీ నింపాలి, దానికో కంప్రెసరు. మిగిలిన డబ్బుతో కమాన్ కట్టలకి కొత్త బుష్షులు, నాలుగు షాకబ్జర్లు. నీ కట్టలు ఏళ్ళ తరబడి వంగి వంగి చదునైపోయాయి. వాటిని కమ్మరి దగ్గర మళ్ళీ వంపు తీయించావంటే పుట్టినప్పటి ఎత్తు తిరిగొస్తుంది. అంగుళం దాకా లేచినా లేస్తుంది. నీకు కావాల్సిన లిఫ్టు అందులోనే ఉంది, ఏ ఇన్‌స్పెక్టరూ అడగడు.

అల్లుడు: ఇది ముందే చెప్పొచ్చు కదా!

మావయ్య: ముందు చెబితే వినేవాడివా? ఇంకోటి, హౌసింగ్ బ్రీదరుకి రబ్బరు గొట్టం తగిలించి పైదాకా లాగు. వేడెక్కిన హౌసింగ్ గెడ్డ నీళ్ళలో దిగితే లోపలికి నీళ్ళు పీలుస్తుంది. రెండు మీటర్ల గొట్టం కొనకుండా క్రౌన్ పినియన్ పాడు చేసుకున్నవాళ్ళు నాకు తెలుసు.

అల్లుడు ఫోన్లో లెక్క వేసుకున్నాడు. నాలుగు టైర్లు, షాకబ్జర్లు, బుష్షులు, కట్టల పని, కంప్రెసరు, గొట్టం. అరవై వేలకి లోపలే ఉంది. ఇంకా కొంత మిగిలింది కూడా. ఆ మిగిలిన దానితో పైన లైట్లు వేయిస్తానన్నాడు.

మావయ్య: టైర్లు నాలుగు కాదు, ఐదు.

అల్లుడు: స్టెప్నీకి పాతది ఉంది కదా, బాగానే ఉంది.

మావయ్య: ముందు పంచరయింది, పాత 668 వేశావు. తక్కినవి 703. నీ బండికి ఫోర్ వీల్ వేస్తే ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకే వేగంతో తిరగాలి, మధ్యలో సర్దేది ఏమీ లేదు. ఒక చక్రం చిన్నదైతే పంతం పట్టి లోపల గేర్లు మెలిపడతాయి. గట్టి నేల మీద అయితే లివరు వెనక్కి రాదు. గెడ్డలో పంచరయిన రోజునే నీకు ఫోర్ వీల్ కావాలి.

అల్లుడు: ఐదో టైరంటే లైట్లు పోయినట్టే.

మావయ్య: రాత్రి పూట ఆ బాటలో నీకేటి పని?

అల్లుడు కొట్టుకి ఫోన్ చేసి, బొలెరో సైజు, ఏటీ రకం, ఐదు తెప్పించమన్నాడు. ఫోన్ పెట్టేసి, లైట్ల డబ్బు అమ్మనడుగుతానన్నాడు.